ఒంటి చేప ఈనింది

“ఒరే అబ్బయ్యా, లేసి రాప్పా. మీ నల్ల చేప ఈనింది!”

తిరుపతిలో అలిపిరి దిగువన మా వీధిలో తెల్లవారుజామున మొదట వినిపించేది మెట్లదారికి పోయేవాళ్ల గోవింద నామమే. ఆ రోజు దానికంటే ముందు మా అమ్మ గొంతు లేచింది. హాల్లో టీవీ పక్కన రెండడుగుల అక్వేరియం. అందులో ఉండేది ఒకే ఒక్క చేప. బ్లాక్ మాలీ, ఆడది. మా చిన్నోడు సెలవులకు చెన్నైలో వాళ్ల మామ ఇంటికి పోయి, కొళత్తూరు చేపల అంగళ్లలో కొనిపించుకుని, నీళ్లు నింపిన కవరును బస్సులో దారి పొడుగునా తొడమీద పెట్టుకుని తెచ్చుకున్నాడు. “ఒకటే చాలు మామా, రెండైతే పిల్లలు పెడతాయి, నాయన అరస్తాడు” అని వాడే అన్నాడంట.

పోయి చూస్తే నిజమే. నాచు కొమ్మల సందున అరంగుళం కూడా లేని నల్ల పిల్లలు, పాతిక దాకా ఉంటాయి. పుట్టీ పుట్టగానే ఈదుతున్నాయి. తల్లి మాత్రం ఏమీ ఎరగనట్టు అద్దానికి పట్టిన పాచి గీక్కుని తింటోంది.

“చేప గుడ్లు పెడతాది గానీ ఈనేదేందిరా?” అంది అమ్మ. “అదీ మొగది లేకుండా!”

ఎదురింటి అత్త ముగ్గు గిన్నె చేతిలో పట్టుకునే వచ్చి చూసింది. “కుంతీదేవి మాదిరి దీనికీ వరమేమన్నా ఉండాదేమో అక్కా” అని నవ్వింది.

మొదటిసారికి ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు. అంగట్లో ఉన్నప్పుడే కడుపుతో ఉండి ఉంటుందిలే అనుకుని పిల్లల్ని వేరే తొట్టిలోకి మార్చాం. నెల దాటగానే అది మళ్లీ ఈనింది. ఆ పైనెల మళ్లీ. అప్పుడు మొదలైంది ఇంట్లో చర్చ. పిల్లల్లో మగవి పెద్దవైపోయి ఉంటాయా అంటే అవి వేరే తొట్టిలో ఉన్నాయి, పైగా ఇంకా వేలిగోరంత లేవు. ఇక మిగిలింది ఒకే ప్రశ్న. ఈ పిల్లల తండ్రి ఎవరు?

మా వీధి చివర జువాలజీ చెప్పి రిటైరైన సారు ఒకాయన ఉన్నాడు. చిన్నోడు పోయి పిలుచుకొచ్చాడు. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని, తొట్టి ముందు గొంతుక్కూర్చుని, చేప కడుపు కింద వెనకవైపు రెక్కను చాలాసేపు చూశాడు. మగ మాలీకి ఆ రెక్క సన్నగా మొనదేలి ఉంటుంది, దాంతోనే అది ఆడచేప ఒంట్లోకి బీజం పంపుతుంది. ఆడదానికి అదే రెక్క వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. దీనిది వెడల్పుగానే ఉంది.

“మొగుడు యాడికీ పోలేదమ్మా” అన్నాడు సారు మా అమ్మతో. “కొళత్తూరులోనే ఉండాడు. ఈ యమ్మ బస్సెక్కేటప్పుడే ఆర్నెల్ల గ్రాసం మూటగట్టుకోని వచ్చింది.”

మాలీ, గప్పీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అన్నీ ఒకే కుటుంబం. గుడ్లు బయట పెట్టవు. గుడ్డు తల్లి కడుపులోనే పొదిగి, పిల్లగా బయటికి వస్తుంది. ఒక్కసారి జతకడితే చాలు, ఆడచేప ఆ బీజకణాలను అండాశయం మడతల్లో నెలల తరబడి బతికించి ఉంచుకుంటుంది. ప్రతి నాలుగైదు వారాలకు కొత్తగా గుడ్లు తయారైనప్పుడు దాచినదాంట్లోంచి కొంత వాడుకుంటుంది. అంగట్లో ఆడా మగా ఒకే తొట్టిలో ఉంటాయి కాబట్టి కన్యగా మన ఇంటికొచ్చే పెద్ద ఆడ మాలీ దాదాపు ఉండదు.

ఇంట్లో వాళ్లకు ఆ జవాబు చాలింది. సారుకు చాలలేదు. కాఫీ తాగుతా ఇంకో మాట అన్నాడు: “ఇదే ప్రశ్న పట్టుకోని ఒకావిడ ఇంగ్లండు దేశాన్ని అల్లాడించిందప్పా. ఆయమ్మ చివరికి కన్నుమూసింది యాడో తెలుసునా? మన హైదరాబాదులో.”

ఆ మాట నన్ను కదిలించింది. ఇక్కడి నుంచి చెప్పబోయేది ఆమె కథ.

లండన్. 1950ల మొదటి సంవత్సరాలు. యూనివర్సిటీ కాలేజీలో జీవశాస్త్రం చెప్పే హెలెన్ స్పర్వే తన తొట్లలో గప్పీ చేపలు పెంచుతోంది. వయసు నలభైకి దగ్గర. భర్త జె.బి.ఎస్. హాల్డేన్, ఆ కాలపు మహా జన్యుశాస్త్రజ్ఞుల్లో ఒకడు. ఆమెకు గురువూ ఆయనే. 1945లో పెళ్లయింది.

ఆడచేప బీజం దాచుకుంటుందన్న సంగతి స్పర్వేకు బాగా తెలుసు. అందుకే ఆమె ప్రయోగం మా ఇంటి తొట్టిలా కాదు. మగదాని పొడ తగలకముందే, చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే ఆడవాటిని విడదీసి పెంచింది. వాటి ఒంట్లో దాచిపెట్టుకోవడానికి ఏమీ లేదు. నెలలు గడిచాయి. అలా పెంచిన కన్యల్లో కొన్ని పిల్లల్ని పెట్టాయి.

ఆ దృశ్యం ముందు నిలబడిన శాస్త్రవేత్తకు మొదట ఏమనిపిస్తుంది? తనమీద తనకే అనుమానం వస్తుంది. వల కడగకుండా ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలో ముంచామా? నాచులో చిక్కుకుని మగపిల్ల ఒకటి వచ్చిందా? విడదీసేటప్పుడే ఆలస్యమైందా? ఇవన్నీ కాదని తేలాకే నోరు తెరవాలి. స్పర్వే 1953లో ‘నేచర్’ పత్రికలో తన ఫలితం ప్రకటించింది. వెన్నెముక ఉన్న జీవిలో, మగదాని ప్రమేయం లేకుండా, దానంతట అదే జరిగిన పుట్టుక అని. పుట్టిన పిల్లలు దాదాపు అన్నీ ఆడవే. తల్లి జన్యువులే తప్ప వేరేవి లేకపోతే అలాగే ఉండాలి కదా.

రెండేళ్లు ఈ సంగతి శాస్త్రవేత్తల మధ్యే ఉంది. 1955లో ఆమె ఒక ఉపన్యాసంలో ఆలోచనను ఇంకో మెట్టు ఎక్కించింది. చేపలో జరిగితే మనిషిలో ఎప్పుడో ఒకసారి జరగకూడదా? జరిగితే పట్టుకోవడం ఎలా? అలా పుట్టిన బిడ్డ కచ్చితంగా ఆడపిల్లే అయి ఉండాలి, తల్లిని అచ్చుగుద్దినట్టు ఉండాలి. తల్లి చర్మం బిడ్డకు, బిడ్డ చర్మం తల్లికి అతికిస్తే శరీరం తిరస్కరించకూడదు. ‘లాన్సెట్’ వైద్య పత్రిక దాన్ని గంభీరంగానే చర్చకు తీసుకుంది.

ఇక్కడ మా పత్రికల వాళ్లు రంగంలోకి దూకారు. ‘సండే పిక్టోరియల్’ అనే ఆదివారం పత్రిక 1955 నవంబరులో పెద్ద అక్షరాలతో పిలుపునిచ్చింది: మగవాడి పొత్తు లేకుండా బిడ్డను కన్న తల్లులు ఎవరైనా ఉన్నారా? ఉంటే రండి, డాక్టర్లతో పరీక్ష చేయిస్తాం. ఆదివారం అనుబంధాలకు పాఠకుల్ని ఎలా పట్టుకోవాలో అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. పందొమ్మిది మంది ముందుకొచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ప్రశ్నను సరిగా అర్థం చేసుకోనివాళ్లే. విచారణలో ఒక్కొక్కరే రాలిపోగా, నెలల తరువాత రక్త పరీక్షల్లో నిలిచింది ఒక్క తల్లీ కూతురు జంట. పోలికలు కలిశాయి, రక్త వర్గాలు కలిశాయి. దేశం ఊపిరి బిగబట్టింది. చివరి పరీక్ష చర్మం అతుకు. అది నిలవలేదు. కొన్ని వారాలకు రెండువైపులా ఊడిపోయింది. 1956 జూన్‌లో ‘లాన్సెట్’లో వచ్చిన నివేదిక దాన్ని తేలిగ్గా తోసేయలేదు, అలాగని రుజువైందనీ చెప్పలేదు. ఆ తల్లీ బిడ్డల పేర్లు అప్పుడు ఊరంతా తెలుసు. డెబ్బై ఏళ్ల తరువాత మళ్లీ అచ్చువేయాల్సిన పని నాకు కనపడలేదు.

మరి చేపల సంగతి? స్పర్వే వాటిని వదల్లేదు. నాకు ఆమెమీద గౌరవం పెరిగింది ఇక్కడే. లోకమంతా ఆమె పేరు చెప్పుకుంటున్నప్పుడు కూడా తన చేపలను కోసి లోపల చూస్తూనే ఉంది. 1957లో మళ్లీ ‘నేచర్’లోనే కొత్త జవాబు అచ్చయింది. ఆ గప్పీల్లో కొన్ని పైకి ఆడవి. లోపల మాత్రం అండాశయంతో పాటు వృషణ కణజాలం కూడా ఉంది. తల్లీ తండ్రీ ఒకే ఒంట్లో ఉన్నారు. తన గుడ్డును తన బీజంతోనే ఫలదీకరించుకున్న పిల్లలవి. నాలుగేళ్ల కిందట తనకు పేరు తెచ్చిన మాటను తానే సరిదిద్దుకోవడం చిన్న విషయం కాదు.

ఆ నడుమనే ఆమె జీవితంలో ఇంకో గొడవ నడిచింది. 1956 చివర్లో ఒక రాత్రి, తాగి ఉన్న మత్తులో, లండన్ వీధిలో పోలీసు కుక్క తోక తొక్కింది. కోర్టు జరిమానా వేసింది. కట్టనని మొండికేసి జైలుకు పోయింది. కాలేజీతో సంబంధం తెగింది. హాల్డేన్ కూడా రాజీనామా చేశాడు. ఈజిప్టు మీద బ్రిటన్ చేసిన సూయజ్ దాడికి నిరసనగా దేశం వదిలిపోతున్నానని బహిరంగంగా ప్రకటించాడు. 1957లో ఇద్దరూ కలకత్తా చేరారు. మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొలువు. హాల్డేన్ పంచె కట్టాడు, మాంసం మానేశాడు, 1961లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. అక్కడ ఆయన దగ్గర చేరిన తొలి శిష్యుల్లో మన పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఉన్నాడు. తరువాత అమెరికా వెళ్లి, హాల్డేన్ జీవితం మీద పుస్తకాలు రాసింది ఆయనే.

ఇంతవరకూ గప్పీ కథ. మాలీ కథ ఇంకా వింతగా ఉంటుంది. అది మొదలైంది స్పర్వేకు ఇరవై ఏళ్ల ముందు, అమెరికాలో.

మిషిగన్ యూనివర్సిటీ మ్యూజియంలో చేపల విభాగం చూసేది కార్ల్ హబ్స్. ఆయన భార్య లారా లెక్కల చదువు చదివి, భర్త పక్కన కూర్చుని సీసాల్లోని వేలాది చేపలకు పట్టిక రాసేది. సెలవులొస్తే ముగ్గురు పిల్లల్ని బండెక్కించుకుని వాగులూ చెలమలూ గాలించేవాళ్లు. పిల్లలకు జేబు ఖర్చు కూడా చేపల లెక్కనే. ఒక్కో రకం పట్టిస్తే ఐదు సెంట్లు, శాస్త్రానికే కొత్త జాతి దొరికితే ఒక డాలరు.

టెక్సస్ దక్షిణపు కొస నుంచీ ఈశాన్య మెక్సికో నుంచీ వచ్చిన సీసాల్లో ఒక మాలీ వాళ్లకు అంతుచిక్కలేదు. ఎన్ని తీసినా ఆడవే. ఒక్క మగది లేదు. వాటిని బతికుండగా తెచ్చి అక్వేరియంలో పెట్టి, వేరే జాతి మాలీ మగవాటితో జతకట్టించారు. పిల్లలు పుట్టాయి. మళ్లీ అన్నీ ఆడవే, అన్నీ తల్లి పోలికే. తండ్రిది నలుపు కానీ, రెక్క పొడవు కానీ, ఒక్క గుర్తు కూడా పిల్లల్లో లేదు. మగవాటిని ఎన్నింటిని మార్చినా అంతే. 1932 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో భార్యాభర్తలిద్దరి పేర్లతో ఆ సంగతి అచ్చయింది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇలా తల్లి నకలుగా తరాలు సాగే జాతి ఒకటి ఉందని లోకానికి తెలిసింది అదే మొదటిసారి. మగవాళ్లు లేని గ్రీకు వీరనారుల పేరు మీద దాన్ని అమెజాన్ మాలీ అన్నారు. జైమిని భారతం విన్నవాళ్లయితే ప్రమీలా రాజ్యపు చేప అనేవాళ్లు.

అందులో ఒక మెలిక ఉంది. ఈ చేపకు మగది అక్కర్లేదని కాదు, కావాలి. పొరుగు జాతి మగది జతకట్టి బీజం ఇస్తేనే గుడ్డు పెరగడం మొదలుపెడుతుంది. మొదలయ్యాక మాత్రం ఆ బీజంలోని జన్యువులను పక్కన పారేస్తుంది. పెళ్లికి పిలిచి, తాళి కట్టించుకుని, ఇంటిపేరు మాత్రం మార్చుకోని పెళ్లికూతురు.

తల్లీ పిల్లలు నిజంగా ఒకే నకలేనా? లండన్‌లో ఆ తల్లీ కూతుళ్లకు చేసిన పరీక్షే దీనికీ చేయాలి. న్యూయార్క్‌లో క్లాస్ కాల్‌మన్ చేశాడు. ఒక అమెజాన్ మాలీ కణజాలం ముక్క తీసి తల్లికీ, అక్కచెల్లెళ్లకూ అతికించాడు. ఊడిపోలేదు. అతుక్కుని పెరిగాయి. మనుషుల్లో ఓడిన పరీక్ష మాలీల్లో గెలిచింది. 1962లో ఆయన రాసిన ఆ పరిశోధన ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’లో వచ్చింది. ఆ పత్రికకు సంపాదకుడు ఎవరంటారా? అప్పటికి ఇండియాలో స్థిరపడిన హాల్డేన్. తన భార్య ఏడేళ్ల కిందట వేసిన ప్రశ్నకు ఒక చేప ఇచ్చిన జవాబును ఆయనే చదివి అచ్చుకు పంపాడు. ఆ రాతప్రతి ఇంట్లో బల్లమీద పడిన రోజు వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారో అని చాలాసార్లు అనుకున్నాను.

అదే ఏడు దంపతులు భువనేశ్వర్ మారారు. 1964 డిసెంబరు 1న క్యాన్సర్‌తో హాల్డేన్ పోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మన పిల్లలు డాక్టర్లయ్యేందుకు ఆ ఇంగ్లిషు మహాశయుడి ఒళ్లు పనికొచ్చింది. స్పర్వే ఇండియా వదిలి పోలేదు. పత్రికను తన చేతిమీదుగా నడిపింది. పట్టుపురుగుల మీద పని చేసింది. చివరికి హైదరాబాద్ చేరి, 1978లో అక్కడే కన్నుమూసింది. ఆ పేరు హైదరాబాద్‌లో ఎంతమంది విన్నారో కానీ, ఇంట్లో గప్పీ తొట్టి ఉన్న ప్రతివాళ్లూ వినదగ్గ పేరు.

అమెజాన్ మాలీ జన్యుపటాన్ని 2018లో పూర్తిగా చదివారు. దాదాపు లక్ష ఏళ్ల కిందట రెండు మాలీ జాతులు కలిసినప్పుడు పుట్టిన సంకరం అది. నకళ్లుగా సాగే జాతిలో తప్పులు పేరుకుని ఎప్పుడో అంతరించాలని పుస్తకాల లెక్క. ఇది సుమారు ఐదు లక్షల తరాలు దాటి, ఆరోగ్యంగా ఉంది.

మళ్లీ తిరుపతికి వద్దాం. మన అంగళ్లలో దొరికేది అమెజాన్ మాలీ కాదు. బ్లాక్ మాలీ, డాల్మేషియన్, గోల్డ్, సెయిల్‌ఫిన్ అని పేర్లున్నవన్నీ మెక్సికో చుట్టుపక్కల జాతులను కలిపి, ఏరి, పెంచి తీసిన రకాలు. వీటికి మగది కావాలి, దాని జన్యువులూ కావాలి. కాకపోతే మగది కళ్లముందు ఉండాల్సిన పనిలేదు. మా చిన్నోడి చేప రుజువు చేసింది ఇదే.

ఇక నీళ్ల సంగతి. మాలీ పుట్టిన చోట్లు సున్నపురాతి ఊటలు, సముద్రపు ఉప్పు కలిసే కయ్యలు. గట్టి నీళ్లంటేనే దానికి ప్రాణం. మా వీధి బోరు నీళ్లు కాచిన గిన్నెలో అడుగున తెల్లగా పొర కడతాయి. పప్పు ఉడకదని ఆడవాళ్లు తిట్టుకునే ఆ నీళ్లే మాలీకి సరిగ్గా సరిపోతాయి. చాలామంది మంచి చేద్దామని ఆర్వో నీళ్లు పోస్తారు. రెండు వారాల్లో చేప ఉన్నచోటే ఊగడం మొదలుపెడుతుంది, రెక్కలు ముడుచుకుంటుంది, తరువాత పోతుంది. చేప జబ్బు పడిందని మందులు పోస్తారు. జబ్బు చేపది కాదు, నీళ్లది. కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్లు వాడేవాళ్లు క్లోరిన్ పోయేదాకా ఒక రోజు బకెట్లో నిలవబెట్టాలి, లేదా అంగట్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయాలి.

పిడికెడు కల్లుప్పు వెయ్యమని అంగడి వాళ్లు చెబుతారు. బోరు నీళ్లకు దాని అవసరం లేదని నా అభిప్రాయం. ఉప్పు వేస్తే నీళ్లు ఉప్పగా అవుతాయి, గట్టిపడవు. మాలీకి కావాల్సింది కాల్షియం, మెగ్నీషియం. తొట్టిలో నాచు పెంచేవాళ్లయితే ఉప్పు నాచును మాడుస్తుంది కూడా.

కొత్త తొట్టి కొన్న రోజే చేపల్ని వదలొద్దు. చేప విసర్జన అమ్మోనియా అవుతుంది, అది విషం. ఫిల్టరు స్పాంజిలో స్థిరపడే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెల పైచిలుకు పడుతుంది. ఇంటికొచ్చిన వారానికే చేపలు చచ్చిపోయాయని బాధపడే ఇళ్లలో చాలావాటి కథ ఇదే. స్పాంజిని కొళాయి నీళ్లకింద పిండి తళతళా కడిగితే ఆ బ్యాక్టీరియా పోయి కథ మొదటికొస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ముంచి పిండాలి.

వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. మే నెలలో మూత తీసి నీళ్లమీదికి ఫ్యాను తిప్పాలి, డిసెంబరు రాత్రుల్లో చిన్న హీటరు పెట్టాలి. తిండి విషయంలో ఇది సగం మేక. ఉత్త గుళికలు వేస్తే కడుపు ఉబ్బుతుంది. ఉడికించిన పాలకూర, తొక్క తీసిన బఠాణీ ఇష్టంగా తింటుంది. అద్దం మీది పాచి మొత్తం తుడిచేయకుండా ఒక పక్క దానికి వదిలేయండి. మగవీ ఆడవీ కలిపి పెంచేటట్టయితే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే మగది వెంటపడి ఆ ఒక్కదాన్నీ అలసగొట్టి చంపుతుంది.

బెలూన్ మాలీ అని గుండ్రంగా ముద్దుగా అమ్ముతారే, అది మాత్రం కొనకండి. ఆ గుండ్రం వెన్నెముక వంకరవల్ల వచ్చింది. లోపలి అవయవాలు ఇరుకులో నలుగుతుంటాయి. మన కంటికి ముద్దు కోసం ఒక ప్రాణిని అవిటిగా పుట్టించడం నాకు నచ్చదు.

అసలు సమస్య చివర చెబుతున్నాను. ఒక్క ఈతకు ఇరవై నుంచి అరవై పిల్లలు, పెద్ద తల్లయితే వందదాకా. పుట్టిన ఆడపిల్ల నాలుగైదు నెలలకు తానే తల్లి. ఏడాది తిరిగేసరికి రెండడుగుల తొట్టి చాలదు. అప్పుడు మన ఊళ్లో చాలామందికి తట్టే ఉపాయం ఒకటే: చంపడానికి చేతులు రావు, పుణ్యమూ వస్తుంది, కపిలతీర్థంలోనో కొండవాగు గుండంలోనో వదిలేద్దాం.

ఆ పని చేస్తే ఏమవుతుందో హబ్స్ బతికుండగానే చూడగలిగాడు. ఆయనా, ఆయన అల్లుడు రాబర్ట్ మిల్లరూ కలిసి 1948లో నెవాడా ఎడారిలోని వెచ్చటి ఊటల్లో ఉండే ఒక చిన్న చేపను శాస్త్రలోకానికి పరిచయం చేశారు, దాని వాడుక పేరు మోఆపా డేస్. లోకంలో అక్కడి ఒక్క ఏటి ఎగువ పాయల్లో తప్ప ఇంకెక్కడా లేదది. 1960లలో ఎవరో ఆ నీళ్లలోకి మాలీలను వదిలారు. మాలీలు తామరతంపరగా పెరిగాయి, డేస్ తిండిని పంచుకున్నాయి, దాని పిల్లల్ని తిన్నాయి. 1967కల్లా ఆ చేప అమెరికా ప్రభుత్వపు అంతరించబోయే జీవుల జాబితాకెక్కింది. మన దగ్గరా, దోమల కోసమని 1928లో తెచ్చిన గంబూసియా, అదీ మాలీ కుటుంబమే, చెరువుల్లో మన చిన్న చేపల్ని తరుముతూనే ఉంది.

శేషాచలం కొండల్లోని గుండాలూ వాగులూ వాటివాటి చేపలతో, కప్పలతో వేల ఏళ్లుగా బతుకుతున్నవి. వాటిలో ఒక మాలీ పడితే చాలు. జత వదల్లేదు కదా, ఒక్కటే కదా, అదీ ఆడదే కదా అనుకోవడానికి వీల్లేదని మా హాల్లోని తొట్టి నెలనెలా చెబుతూనే ఉంది. కాబట్టి తిరుపతి చేపల ప్రియులకు మనవి: పిల్లలు ఎక్కువైతే ఆడా మగా విడదీసి పెంచండి, పక్కింటి పిల్లలకివ్వండి, కొన్న అంగడికే తిరిగివ్వండి, చాలామంది తీసుకుంటారు. కోనేట్లో, వాగులో, చెరువులో మాత్రం ఒక్కటి కూడా వదలకండి.